ఆ వీధిలో చెప్పని మాట

ఈమధ్య మా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థుల సెమినారుకి నన్ను అధ్యక్షురాలిగా పిలిచారు. రిటైరైనవాళ్లని పిలవడానికి అదొక మర్యాదైన పద్ధతి. మాట్లాడే పని తక్కువ, శాలువా ఖాయం. కొండ మీది ఆ హాలు ఇప్పుడు గుర్తుపట్టలేనట్టుంది. మా రోజుల్లో కిటికీలు తెరిస్తే సముద్రపు గాలికి కాగితాలన్నీ ఎగిరిపోయేవి, మూస్తే చెమటకి చీర వీపుకి అంటుకుపోయేది. ఇప్పుడు ఏసీ చలికి నేను శాలువా కోసం ఎదురుచూసే పరిస్థితి. ఆ రోజు ఒక అమ్మాయి ఆటోనగర్ వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లకి వచ్చే చర్మరోగాల గురించి మాట్లాడింది. ఆమె చూపించిన ప్రతి ఫోటోలోనూ మొహం చెరిపేసి ఉంది. ఒకాయన చేతి మీద భార్య పేరు పచ్చబొట్టు ఉంటే దాన్నీ చెరిపేసింది. ఫోటో తీసేముందు తెలుగులో రాసిన సమ్మతి పత్రం చదివి వినిపించానంది. ఒకతను ఒప్పుకుని, రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి వద్దన్నాడట. అతని బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ తెర చూపించి, "ఇది ఆయనది" అని ముందుకు వెళ్లింది.

చివర్లో ఒక కుర్రాడు లేచి, "మేడమ్, మీ రోజుల్లో ఈ సమ్మతి పత్రాలవీ ఉండేవా?" అని అడిగాడు. నేను మైకు దగ్గరికి లాక్కుని, "కాగితాలు ఉండేవి కాదు నాయనా. మాట ఉండేది. ఇచ్చిన మాట మీద నిలబడేవాళ్లం" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కూడా కొట్టింది. ఇంటికి వస్తూ కారులో ఆ శాలువా తీసి పక్కన పెట్టాను. అరవై దాటాక ఇంత నున్నగా అబద్ధం ఎలా ఆడగలిగానా అనుకున్నాను. ఆ అబద్ధం కొత్తది కాదు. దాన్ని మొదటిసారి ఆడినప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. వన్‌టౌన్‌లో ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో, పెరటివైపు గదిలో అద్దెకు ఉండేదాన్ని.

నా పరిశోధన బోదకాలు జబ్బు మీద, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ జబ్బును మోసుకొచ్చే దోమల మీద. పాత ఊరి ఇరుకు సందుల్లో, మూతల్లేని కాలవల పక్కన ఆ దోమలు ఎంత కావాలంటే అంత దొరికేవి. తెల్లవారుతూనే టార్చిలైటు, గాజుగొట్టం పట్టుకుని ఇంటింటికీ తిరిగి, మంచాల కిందా తగిలించిన బట్టల వెనకా వాలిన దోమల్ని గొట్టంతో పీల్చి సీసాల్లో పెట్టేదాన్ని. తర్వాత బస్సెక్కి డిపార్టుమెంటుకి వెళ్లి, ఒక్కొక్కదాన్నీ సూదులతో చీల్చి, లోపల పురుగుందేమో మైక్రోస్కోపు కింద వెతకడం. వీధిలో పిల్లలు నాకు దోమలక్క అని పేరు పెట్టారు. మా నాన్న పద్మనాభం అనే ఊరి దగ్గర రైతు. బియ్యం మూట, వంకాయలు తీసుకుని మొదటిసారి చూడ్డానికి వచ్చినప్పుడు, వరసగా పెట్టిన నా సీసాలకేసి చాలాసేపు చూశాడు. "ఏటమ్మా, దోమలు పట్టుకోడానికేటి నాను నిన్నింత సదివించింది?" అన్నాడు. వసారాలో కూర్చున్న ఇంటావిడ పెద్దగా నవ్వింది. "అలగనకండి బావుగారూ, మీ పిల్ల వచ్చినకాడ్నుంచీ మా ఇంట్లో దోమలు తగ్గాయి" అంది. ఆ మాటతో మా నాన్న బెరుకు పోయింది. ఆ పూట వాళ్లింట్లోనే భోంచేశాడు.

ఆ ఇంటావిడ పేరు ఖైరున్నిసా. వీధి పిల్లలంతా ఆపా, అంటే అక్కా, అనేవారు కాబట్టి నేనూ ఆపా అనేదాన్ని. నలభైకి దగ్గర్లో ఉండేది. భర్త ఖాదర్ గారు ఇత్తడి, రాగి సామానుకి కళాయి వేసేవారు. వాకిట్లో కొలిమి రగిలించి, కాలిన గిన్నెలో నవాసారం పొడి చల్లగానే తెల్లటి పొగ లేచి ముక్కుపుటాలు మండేవి. ఆ పొగలోనే తగరం కరిగి వెండిలా పరుచుకునేది. స్టీలు సామాను వచ్చి ఆ పని తగ్గిపోతున్న రోజులవి. ఆయన మాట్లాడేది తక్కువ. పని లేని రోజున ఇంట్లో గిన్నెలకే మళ్లీ కళాయి వేసుకునేవారు. ఆపా పొద్దున్నే వసారాలో చాపలు పరిచి పదిమంది పిల్లలకి అరబ్బీ అక్షరాలు నేర్పేది. నేను దోమల పని ముగించుకుని వచ్చేసరికి పిల్లలు ఊగుతూ చదువుతుండేవారు. లోపల్నుంచి ఉల్లిపాయలు వేగే వాసన, చింతపండు పులుసు వాసన కలిసి వచ్చేవి. ఆమె పిల్లల మధ్య చీర కుచ్చిళ్లు వెడల్పుగా పరుచుకుని కూర్చునేది. చివరి పిల్లవాడు గడప దాటేదాకా లేచేది కాదు. టీచరంటే అలాగే కూర్చోవాలని పిల్లలు అనుకునేవారు. ఆమె కూతురు జరీనాకి అప్పుడు పదేళ్లు. నీళ్లందించడం, చాపలు మడవడం అన్నీ ఆ పిల్లే చేసేది.

ఆమె లేవకపోవడానికి కారణం నాకు మూడో నెలలో తెలిసింది. ఒక రోజు చలిజ్వరం వచ్చి పడిపోయింది. నేను దుప్పటి కప్పబోతే కాళ్లు ముడుచుకుంది. ఆ జ్వరం బోదకాలుతో వచ్చేదని తెలిసినదాన్ని కాబట్టి నేను మామూలుగానే, "ఆపా, ఏ కాలు?" అని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసింది. తర్వాత ఎడమకాలి మీద చీర తొలగించింది. మోకాలి కింద నుంచి ఏనుగు కాలులా వాచి, మడమ దగ్గర చర్మం ముడతలు పడి ఉంది. పన్నెండేళ్లుగా ఉందట. భర్తకీ కూతురికీ తప్ప ఎవరికీ తెలియదట. వీధిలో అందరికీ మోకాలి నొప్పులని చెప్పుకునేది. పెళ్లిళ్లకి వెళ్లడం మానేసింది. ఆ రోజు నుంచి ఆ కాలు చూసే పని నాది. గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో తుడిచి, మందు రాసేదాన్ని. ఆమె సిగ్గుతో మొహం పక్కకి తిప్పుకుని, నేను ఆ రోజు ఏం తిన్నానో అడుగుతూ ఉండేది. "మా అమ్మ పోయాక నా కాలు ఇంకో ఆడదాని సేతిలో పెట్టడం ఇదేనమ్మా" అంది ఒకసారి.

ఫోటో అడిగింది నేనే. మా డిపార్టుమెంటులో ప్రతి శనివారం మధ్యాహ్నం సెమినారు జరిగేది. ఆ ఏడాది నా వంతుకి మా ప్రొఫెసరు గారు వైద్య కళాశాల డాక్టర్లనీ, ఫైలేరియా విభాగంలో పనిచేసే ఆరోగ్య సిబ్బందినీ పిలిపించారు. అక్కడ నేను బాగా మాట్లాడితేనే నా ఫెలోషిప్ ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. దోమల పట్టికలు ఎవరినీ కదిలించవని నాకు తెలుసు. ఆపాని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులాగి, తనే నా గదికి వచ్చింది.

"నీ సదువుకి పనికొత్తాదంటే తీసుకో బేటీ. కాలు మాత్రమే. మొకం రాకూడదు. మాటియ్యి."

"మొహం రాదు ఆపా. మాటిస్తున్నాను" అన్నాను.

డిపార్టుమెంటు కెమెరాతో పెరట్లో మూడు ఫోటోలు తీశాను. రెండింట్లో కాలు మాత్రమే ఉంది. మూడోది తీస్తుండగా జరీనా వెనక నుంచి ఏదో అంటే ఆమె తల తిప్పి నవ్వింది. నేను మీట నొక్కేశాను. స్లయిడ్లు తయారై వచ్చాక అందులో ఆపా మొహం పూర్తిగా కనిపిస్తోంది, ఆ నవ్వుతో, కింద ఆ కాలితో. ప్రొఫెసరు గారు మూడింటినీ వెలుగుకి పట్టి చూసి, "ఈ మూడోది పెట్టు. మొదటి రెండూ పుస్తకంలో బొమ్మల్లా ఉన్నాయి. ఇందులో మనిషి ఉంది" అన్నారు. ఆయన బలవంతపెట్టలేదు. సార్, నేను మాటిచ్చాను అని ఉంటే మరో మాట లేకుండా పక్కన పెట్టేసేవారు. ఆయన అలాంటి మనిషే. ఇన్నేళ్లలో ఈ సంగతి ఎవరికైనా చెప్పాల్సి వస్తే ఆయన మీదకు నెట్టేద్దామని చాలాసార్లు మనసులో వాక్యాలు తయారుచేసుకున్నాను. కానీ జరిగింది ఇదే. ఆయన పెట్టమన్నారు, నేను "సరే సార్" అన్నాను. ఎందుకంటే నాక్కూడా ఆ మూడోదే నచ్చింది.

సెమినారు బ్రహ్మాండంగా జరిగింది. తెరలు దించి చీకటి చేసిన హాలులో ఆపా నవ్వు గోడంత పెద్దదిగా వెలిగింది. వెనక ఎవరో "అయ్యో" అన్నారు. ఆ తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. స్లయిడు మార్చాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. ప్రశ్నలు జరిగినంతసేపూ ఆమె నా వెనక గోడ మీదే ఉంది. ఒక డాక్టరు గారు, "జనం ఈ కాలు ముట్టుకుంటే వస్తుందని భయపడతారు కదా, మీరేమంటారు?" అని అడిగారు. నేను తడుముకోకుండా చెప్పాను. ముట్టుకుంటే అంటుకోదు, కలిసి తింటే అంటుకోదు, ఒకే చాప మీద కూర్చుంటే అంటుకోదు, దోమ మోసుకురావాలి, అదీ ఏళ్ల తరబడి కుట్టాలి అన్నాను. "స్వయంగా నేనే రోజూ ఆ కాలు కడుగుతున్నాను సార్" అని కూడా అన్నాను. హాలంతా మెచ్చుకోలుగా నవ్వింది. మూడో వరసలో ఆరోగ్య సిబ్బందితో కూర్చున్న మస్తాన్ గారిని అప్పుడు చూశాను. ఆయనది మా వీధే. ఆపా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవారు. ఆయన నన్ను చూడ్డం లేదు, తెరనే చూస్తున్నారు.

ఆయన చెడ్డ ఉద్దేశంతో ఏమీ చేయలేదు. ఇంటికెళ్లి భార్యతో, పాపం ఆపా ఇన్నేళ్లు ఎంత బాధ దాచుకుందో అన్నారట. భార్య కుళాయి దగ్గర ఇంకొకామెతో అంది. వారం తిరిగేసరికి చాప మీద ఆరుగురు పిల్లలున్నారు, ఆ తర్వాత ముగ్గురు. ఒక రోజు ఎవరూ రాలేదు. ఆపా చాపలు పరుచుకుని, కుచ్చిళ్లు సర్దుకుని ఒక్కతే కూర్చుంది. జరీనా ఇంటింటికీ వెళ్లి పిలిచి వచ్చి, "ఆ కాలు అంటుకుంటాదట అమ్మా. మన చాప మీద కూర్చోవద్దన్నారట" అంది. నేను అప్పుడే దోమల సీసాలతో గేటు తీస్తున్నాను. ఆపా నన్ను దగ్గరికి పిలిచింది.

"బేటీ, నువ్వు గానీ ఎవురికైనా సూపించావా?"

అవును అని చెప్పి కాళ్ల మీద పడాల్సింది. నేను, "లేదు ఆపా. ఎవరికీ చూపించలేదు" అన్నాను.

ఆమె మొహం తేలికపడింది. "నాకు తెల్సు. ఊరికే అడిగాను, ఏటనుకోకు" అంది. లోపలికెళ్లి నాకు టీ పెట్టుకొచ్చింది.

ఆ వీధిలో ఉన్నవి పట్టుమని పాతిక ఇళ్లు. అన్ని ఇళ్లల్లోనూ నేను దోమలు పట్టినదాన్ని. ప్రతి తల్లీ నాకు తెలుసు. వందమంది చదువుకున్నవాళ్ల ముందు చెప్పిన ఆ ఒక్క ముక్క, ముట్టుకుంటే అంటుకోదు అన్న ముక్క, పదిమంది తల్లులకి చెప్పడానికి ఒక పూట చాలు. నేను చెప్పలేదు. చెప్పబోతే, ఆపా కాలి సంగతి బయటికెలా వచ్చిందో కూడా చెప్పాల్సి వస్తుందని భయం. పదిహేను రోజులకి థీసిస్ పని ఎక్కువైందని చెప్పి హాస్టలుకి మారిపోయాను. బయల్దేరేటప్పుడు ఆపా నిమ్మకాయ పచ్చడి జాడీ ఇచ్చింది. కాలు ఎలా కడుక్కోవాలో జరీనాకి నేర్పి వెళ్లమంది. నేర్పాను. మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. మిగిలిన దోమల కోసం వేరే పేట ఎంచుకున్నాను.

ఇంకొకటి కూడా రాయాలి. రెండు మూడు నెలల తర్వాత మస్తాన్ గారు డిపార్టుమెంటుకి వచ్చారు. గొడుగు చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డారు. కూర్చోమన్నా కూర్చోలేదు. "వీధిలో నన్నేటో అంటన్నారమ్మా. ఓపాలి మీరొచ్చి, ఆ ఫోటో సెమినార్లో సూపించానని సెప్తే సాలు" అన్నారు. ఏమంటున్నారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. "వచ్చే వారం వస్తానండి" అన్నాను. ఆయన దణ్ణం పెట్టి మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ వచ్చే వారం నా ఫెలోషిప్ పొడిగించిన ఉత్తరం వచ్చింది.

ఈమధ్య చప్పట్లు కొట్టించుకున్న సెమినారు తర్వాత నాలుగు రోజులకి నేను ఆ వీధికి వెళ్లాను. కాలవలకి పలకలు వేశారు. కొలిమి ఉన్న వాకిట్లో స్కూటర్లు పెట్టారు. ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ల మధ్య యాభై దాటిన ఒకామె కళ్లజోడు పైకి నెట్టి నన్ను తేరిపార చూసి, "దోమలక్కా!" అని అరిచింది. జరీనా. నా చేతులు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మానాన్నలిద్దరూ పోయారని, అమ్మ పోయి ఆరేళ్లయిందని చెప్పింది. అమ్మ మళ్లీ పిల్లలకి చదువు చెప్పలేదట. ఎవరైనా పంపుతామన్నా వద్దందట.

"మీ గురించి ఎవుర్నీ ఒక్క మాట అననిచ్చేది కాదక్కా" అంది జరీనా. "మస్తాన్ మావయ్య, దోమలమ్మాయే కాలేజీలో ఫోటో సూపించిందని అంటే అమ్మ ఎంత గొడవేసుకుందో. నా పిల్ల నాతో అబద్ధం ఆడదు, నువ్వే ఎప్పుడో మా పెరట్లోకి తొంగి సూసుంటావు, మందు జల్లడానికని ఇంటింటికీ తిరుగుతావు కదా అనీసింది. ఇంక వీధంతా అదే మాట పట్టుకున్నారు. పెద్దాళ్లు పిలిచి అడిగారు. ఆయన ఆనందపురం ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని ఎల్లిపోనాడు. ఏళ్లకేళ్లు ఒక్కడూ అక్కడ గదిలో ఉండీవోడు. పండక్కొచ్చినా తల దించుకునే నడిచీవోడు."

జరీనా ఇచ్చిన టీ గ్లాసు నా చేతిలోనే ఉంది. వరండాలో నిలబడి ఆయన నాతో చెప్పుకోలేకపోయిన మాట అదీ. నా ఒక్క "లేదు"తో ఆయన ఆడవాళ్ల కాళ్లు దొంగచాటుగా చూసే మనిషైపోయారు. నేను గ్లాసు కింద పెట్టి జరీనాకి అంతా చెప్పాను. మూడో ఫోటో గురించి, గోడ మీద నవ్వు గురించి, ఆయన డిపార్టుమెంటుకి రావడం గురించి. ఆమె చేతిలో ఉన్న జాకెట్టు గుడ్డని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"ఇది నాకెందుకు సెప్పారు?" అంది చివరికి. అక్కా అనలేదు. "మా అమ్మ మిమ్మల్ని నమ్ముకునే పోయింది. ఇప్పుడు ఈ మాట నానేటి సేసుకోవాలి?"

క్షమించమని అడగలేదు. అడిగినా క్షమించాల్సిన మనిషి ఆమె కాదు.

జరీనా లేచి చెప్పులేసుకుంది. "మస్తాన్ మావయ్య లేడు. అత్త ఉంది. రండి. ఆవిడకి సెప్పండి."

నాలుగిళ్ల అవతల అరుగు మీద నులకమంచంలో మస్తాన్ గారి భార్య హుసేన్ బీ కూర్చుని ఉంది. బాగా ముసలిదైపోయింది. చెవులు సరిగ్గా వినపడవని, గట్టిగా మాట్లాడాలని జరీనా ముందే చెప్పింది. నేను మెల్లగా మొదలుపెట్టాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటీ? గట్టిగా" అంది. గొంతు పెంచాను. ఇంకా వినపడలేదు. అప్పుడు అరిచినట్టే చెప్పాను. ఆపా కాలి ఫోటో తీసింది నేనేనని, యూనివర్సిటీలో వందమందికి చూపించింది నేనేనని, మస్తాన్ గారు అక్కడ కూర్చుని చూశారని, ఆయన చెప్పింది నిజమని, నేను ఆపాతో అబద్ధమాడానని. ఆ జబ్బు ముట్టుకుంటే అంటుకోదని అప్పుడే వచ్చి చెప్పాల్సిందని కూడా అరిచాను. ఎదురింటి గుమ్మంలోకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. స్కూటరు తుడుస్తున్న అబ్బాయి తుడవడం ఆపేశాడు. సెమినార్లలో ఇన్నేళ్లు మాట్లాడిన గొంతు ఆ చిన్న వీధిలో నాకే చాలా పెద్దగా వినిపించింది.

హుసేన్ బీ నా నోటికేసే చూస్తోంది. విన్నదో లేదో తెలియలేదు.

"అంటే మా ఆయన ఆళ్ల పెరట్లోకి తొంగి సూడనేదా?" అంది.

"లేదమ్మా. చూడలేదు. నేను చూపిస్తేనే చూశారు."

"ఇంకోపాలి సెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె కళ్లు మూసుకుంది. మంచం నులకని వేళ్లతో తడుముతూ, ఎదురింటి వాళ్లకో నాకో జరీనాకో తెలియకుండా అంది: "నానూ అడిగాను ఆయన్ని. రెండుపాల్లు అడిగాను. రెండుపాల్లూ ఇదే సెప్పాడు. నాను నమ్మనేదు."